ధైర్యం మందు

పై తోట చివరి వరసలో ఒక చెట్టు మొదట్లో చెక్కపొట్టు రాలి ఉంది. సన్నగా, తెల్లగా, ఎవరో రంపం పెట్టి కోసినట్టు. హైమావతి గొంతుక్కూర్చుని బెరడు తడిమింది. చిన్న బెజ్జం వేలికి తగిలింది. చాకుతో బెరడు లేపితే లోపల చిటికెనవేలంత పురుగు మెత్తగా మెదిలింది.

పురుగుని చూసి ఆమె కంగారు పడలేదు. అడివన్నాక పురుగుంటుంది. కంగారు పెట్టింది గాయం. పురుగు తొలిచిన దారంతా కలప లేతగా, శుభ్రంగా ఉంది. మామూలు చెట్టయితే ఈపాటికి ఆ చోటు నల్లబడి, చేదెక్కి, పురుగుని మాడ్చి చంపేసి ఉండేది. ఈ చెట్టు ఏమీ చెయ్యలేదు. తనని తినేస్తున్నా ఊరుకుంది.

అలా ఊరుకోమని దానికి నేర్పింది హైమావతే.

చింతపల్లి కొండల మీద ఆ పరిశోధన కేంద్రం పెట్టినప్పుడు ఓక్ కుటుంబంలో చెట్లు చాలా తెచ్చి నాటారు. బీచ్ మొక్కలు మొదటి ఎండాకాలానికే మాడిపోయాయి. చెస్ట్‌నట్ మొక్కలు వానలకి వేళ్ళు కుళ్ళి పడిపోయాయి. హిమాలయాల దిగువ వాలుల నుంచి తెచ్చిన ఓక్ ఒక్కటే నిలదొక్కుకుంది. పుస్తకాల్లో దాన్ని సింధూర వృక్షం అంటారు కాబట్టి కొండ మీద వాళ్ళూ సింధూరం చెట్టనే అన్నారు. కాఫీ తోటల్లో మిరియం తీగలు పాకించే సిల్వర్ ఓక్ వాళ్ళకి ముందే తెలుసు. అది పేరుకే ఓకు, దీనికీ దానికీ చుట్టరికం లేదని చెప్పడం మొదట్లో హైమావతికి రోజూ ఉండే పని.

చెట్టు బతికింది గానీ కాయ నోట పెట్టలేనంత చేదు. అడుగున చిన్న గిన్నె తొడిగినట్టుండే ఆ కాయ నిండా మంచి పిండి ఉంది, కానీ ఆ పిండి నిండా టానిన్ అనే చేదు విషం ఉంది. హైమావతి దాన్ని చెట్టు భయం అనేది. ఒక చెట్టుని పురుగు కొరికితే ఆ చెట్టు చేదెక్కుతుంది. దాని వేళ్ళని అంటిపెట్టుకుని మట్టిలో అల్లుకున్న బూజు దారాల వెంట ఆ కబురు పక్క చెట్టుకి పోతుంది. పక్క చెట్టూ చేదెక్కుతుంది. భయం అలా తోటంతా పాకుతుంది. భయం పాకే దారిలోనే ధైర్యాన్ని పంపలేమా అన్న ఒక్క ప్రశ్న వెంటే హైమావతి తన వయసంతా తిరిగింది. చివరికి దొరికింది. తోటలో ఒక మూల, ఒక చెట్టు వేళ్ళలోకి తను తయారుచేసిన ద్రావణం చుక్కలు చుక్కలుగా వదిలితే చాలు. శత్రువెవరూ లేరు, నిశ్చింతగా ఉండమన్న కబురు దారాల వెంట తోటంతటికీ చేరేది. చెట్లు చేదు చెయ్యడం మానేసి ఆ సత్తువంతా కాయలో పెట్టేవి. కాయలు విరగకాసేవి, తియ్యగా.

ఆ ద్రావణానికి కేంద్రం వాళ్ళు పెట్టిన సంస్కృతం పేరు ఎవరికీ నోరు తిరగలేదు. కొండ మీద వాళ్ళు ధైర్యం మందు అన్నారు. వానలు మొహం చాటేసి, పోడులో సామలు, రాగులు ఎండిపోతున్న రోజుల్లో మూడూళ్ళ వాళ్ళు వాలులంతా సింధూరం వేసుకున్నారు. ఇప్పుడు వాళ్ళకి ఏడాదిలో సగం తిండి ఆ కాయలే.

*

"ఒక్క చెట్టుకి పురుగు పట్టింది. ఆ చెట్టు కొట్టేయండి," అన్నారు డైరెక్టర్ పరాంకుశం.

"ఒక్క చెట్టు కాదండీ. నాకు కనపడింది ఒక్కటి. ఎండలు ముదిరితే ఆ పురుగులు రెక్కల పెంకుపురుగులై ఎగురుతాయి. అడ్డుకోవడం తెలియని చెట్లు కొండ నిండా ఉన్నాయి. ఒక్క వేసవి చాలు."

"ఏం చెయ్యమంటారు?"

"మందు ఆపాలి. చెట్లు మేలుకుంటాయి. వాటి పని అవి చూసుకుంటాయి."

పరాంకుశం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనతో హైమావతికి ఉన్న చిక్కే అది. తిట్టుకుని ఊరుకోవడానికి కూడా వీల్లేని మనిషి.

"కోత మొదలవుతోంది హైమావతిగారూ. ఇప్పుడు ఆపితే కాయ చేదెక్కదా?"

"ముందు ఆకు చేదెక్కుతుంది. తర్వాత బెరడు. కాయకి చేరేసరికి కోత అయిపోతుంది."

"పరీక్షించి చూశారా?"

"ఎలా చూస్తానండీ? మందు ఎప్పుడైనా ఆపనిచ్చారా? నా అంచనా అది."

"అంచనా మీద మూడూళ్ళ తిండి పణంగా పెట్టలేను. కోత అవనివ్వండి. కమిటీకి రాద్దాం."

కమిటీకి రాశారు. కమిటీ ఫోటోలు అడిగింది. ఫోటోలు పంపితే, చెట్లు ఆరోగ్యంగానే కనిపిస్తున్నాయని జవాబు వచ్చింది. నిజమే, ఆరోగ్యంగానే ఉన్నాయి. నున్నటి ఆకులు, కొమ్మలు వంగేంత కాపు. వాటి లోపల ఏం జరుగుతోందో ఫోటోలో పడదు. మళ్ళీ రాసింది. నిపుణుణ్ణి పంపుతామన్నారు. నిపుణుడు రాలేదు.

హైమావతి తోటల యజమానుల దగ్గరికే వెళ్ళింది. ఆ మూడూళ్ళ సంఘానికి పెద్ద వంతల చిలకమ్మ. ఆ వేళ చెట్టు కింద దుప్పట్లు పరిచి, కొమ్మలు దులిపి, కాయలు పోగు చేయిస్తోంది. హైమావతి చెప్పిందంతా చేతులు నడుముకి పెట్టుకుని విన్నది.

"ఏటి మేడమ్మా, చెట్లు దుక్కల్లాగున్నాయి. సచ్చిపోతాయంటావేటి?"

"లోపల పురుగుంది చిలకమ్మా. పై తోటలో చూపిస్తాను, రా."

"పురుగు లేని చెట్టేది? జీలుగు చెట్టుకి లేదా, మామిడికి లేదా?"

"వాటికి భయం తెలుసు. వీటికి తెలీదు. మనం పోగొట్టాం."

"మరి పోగొట్టినప్పుడు మంచిదే అన్నావు గదా. ఈ గట్టు మీద నిలబడే అన్నావు. పొలాలు తీసి ఈ చెట్లెయ్యమన్నావు, ఏసినాం. ఇప్పుడు మందు ఆపీమంటే, కాయ చేదెక్కితే, నా ఊరోళ్ళకి నానేటి పెట్టాల?"

హైమావతి దగ్గర ఉన్న ఒక్క జవాబూ అంచనాయే. చిలకమ్మ మొహం తిప్పుకుని దుప్పటి కొస అందుకుంది.

*

ఘాట్ రోడ్డు మలుపులో హైమావతి భర్త అప్పలనాయుడి టిఫిన్ హోటల్ ఉంది. అతను ఆమె మేనత్త కొడుకు. నర్సీపట్నంలో నడుస్తున్న హోటల్ని వదిలేసి, ఆమె ఉద్యోగం కోసం కొండెక్కిన మనిషి. సింధూరం పిండితో మొదటి అట్టు పోసిందీ, తిన్నదీ అతనే. పిండి జిగురు లేక విరిగిపోతుంటే మినప్పప్పు ఎంత కలపాలో, ఎంతసేపు పులియబెట్టాలో పెనం ముందు నిలబడి నెలల తరబడి తేల్చాడు. ఇప్పుడు లంబసింగి మంచు చూడ్డానికొచ్చే వాళ్ళు కారు ఆపి మరీ ఆ అట్టు తిని పోతున్నారు. ఏ కొత్త పిండైనా ముందు తను తిని, ఒంటికి పడిందనుకున్నాకే బయటి వాళ్ళకి వడ్డించడం అతని పద్ధతి.

ఆ సాయంత్రం హైమావతి ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టింది.

"ఒక్కళ్ళు వినరు బావా. పై వాళ్ళకి చెబితే ఫోటోలంటారు. కింద వాళ్ళకి చెబితే నువ్వే కదా నాటమన్నావంటారు. కళ్ళ ముందు చచ్చిపోతుంటే చూస్తూ కూచోవాలా?"

"ముందు కాళ్ళు కడుక్కుని రా. అట్టు పోస్తాను."

"నాకొద్దు. ఆ అట్టు చూస్తేనే ఒళ్ళు మండుతోంది."

అప్పలనాయుడు చేతిలో గరిట అలాగే ఆగింది. ఒక్క నిమిషం ఆమె వంక చూసి, స్టవ్ కట్టేశాడు. "సరేలే, అన్నం వండుతాను," అన్నాడు. ఆ మాటలో కోపం లేకపోవడం హైమావతికి మరింత చిరాకు తెప్పించింది. ఆ తర్వాత అతను ఇంట్లో పిండి ఊసెత్తలేదు. ఆమె కూడా తోట ఊసెత్తలేదు.

వారం తిరక్కుండా పై తోటలో ఒక చెట్టు పచ్చని ఆకులతోనే, కాయలతోనే నిలువునా కూలింది. మొదలంతా జల్లెడలా ఉంది. పరాంకుశం వచ్చి చూసి, "గాలి గట్టిగా వీచింది," అన్నారు. ఆయనకి తెలియక కాదు. ఇంకోమాట అంటే ఇంకోపని చెయ్యాల్సి వస్తుంది.

మర్నాడు సంత. కేంద్రంలో వాళ్ళు, ఊళ్ళ వాళ్ళు అంతా సంతకి దిగారు. మిట్టమధ్యాహ్నం హైమావతి మందు గదిలోకి వెళ్ళి కొళాయి కట్టేసింది. గొట్టంలోకి ఉత్త నీళ్ళు తిప్పింది. బయట చుక్కలు ఎప్పటిలాగే పడుతున్నాయి. చూసినవాళ్ళెవరికీ తేడా తెలీదు. ఇన్నాళ్ళుగా ఎవరినో బతిమాలుతున్న గొంతు ఆ రోజు తేలికపడింది.

*

చెట్లు మేలుకున్నాయి. ఆమె ఊహించిన దానికన్నా తొందరగా మేలుకున్నాయి.

పురుగు తొలిచిన బెజ్జాల చుట్టూ మొదట గోధుమ రంగు మచ్చ, తర్వాత నల్లటి వలయం. బెరడు లేపితే పురుగులు ముడుచుకుని చచ్చి ఉన్నాయి. కొన్ని చెట్లయితే బెజ్జాన్ని జిగురుతో పూడ్చేసుకున్నాయి. హైమావతి ఒక చెట్టు మొదలుకి నుదురు ఆనించి చాలాసేపు నిలబడిపోయింది. ఇంటికెళ్ళి చెప్పాలనిపించింది. చెబితే చేసిన పని బయటపెట్టాలి. అప్పలనాయుడు అబద్ధం దాచలేడు. ఎవరైనా అడిగితే ఇట్టే చెప్పేస్తాడు. కోత అయ్యాక చెబుదామనుకుంది.

రోజూ ఆకులు కోసి పరీక్షించేది. ఆకుల్లో చేదు లేదు. ముందు ఆకు, తర్వాత బెరడు, ఆఖరికి కాయ అన్న తన అంచనా ప్రకారం, ఆకే తియ్యగా ఉందంటే కాయకి ఇంకా చాలా గడువుంది. బెరడు ఆకుకన్నా ముందు నల్లబడటం ఆమె చూసింది. ఆ వరస తారుమారైందని గమనించింది కూడా. గాయం బెరడులో ఉంది కాబట్టి అక్కడ ముందొచ్చిందని సర్దిచెప్పుకుంది. కాయని పరీక్షించలేదు.

అప్పలనాయుడి కాళ్ళు వాచాయి. రోజంతా నిలబడే పని కదా అనుకున్నారు. తర్వాత మొహం ఉబ్బింది. ఒకరోజు పెనం ముందు నిలబడ్డవాడు బల్ల పట్టుకుని కిందికి జారిపోయాడు. ముందు రోజు నుంచి మూత్రం సరిగ్గా రావడం లేదని అప్పుడు చెప్పాడు.

విశాఖ ఆసుపత్రిలో కిడ్నీల డాక్టరమ్మ రిపోర్టులు ముందు పెట్టుకుని అడిగింది. "నాటుమందులేమైనా వాడారా? ఆకులు, వేళ్ళు, కషాయాలు?"

"లేదమ్మా," అన్నాడు అప్పలనాయుడు. ఆగి, భార్య వంక చూశాడు. "పిండి కొంచెం చేదొచ్చింది. అంతే."

హైమావతి అతని వైపు తిరిగింది. "ఏ పిండి?"

"కొత్త కోత పిండే. చెట్టు కూలిన మర్నాటి సంతయ్యాక వచ్చిన బస్తాలు. నూరుడులో తేడా వచ్చిందనుకున్నాను. మా అమ్మ అడివి దుంపల చేదు తీసేది చూడు, అలా నానబెట్టి, వార్చి, అనకాపల్లి బెల్లం వేసి, చింతపండు వేసి చూశాను. చేదు తెలీకుండా చెయ్యగలిగాను హైమా. ఇంక జనానికి పెట్టొచ్చా లేదా అని నేనే తింటున్నాను, రోజూ రెండు పూటలా."

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"ఆ అట్టు చూస్తే ఒళ్ళు మండుతోందన్నావు. తోట సంగతిలోనే నువ్వు అంత సతమతమవుతుంటే, పిండి కూడా పాడైందని ఎలా చెప్పను? బాగుచేశాక చెబుదామనుకున్నాను."

డాక్టరమ్మకి వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో అర్థం కాలేదు. హైమావతి వరండాలోకి వచ్చింది. ఇప్పుడు ఆమెకి అంతా తెలిసింది. భయం తెలిసిన చెట్టు ఆకుల గురించి ఆలోచించలేదు. గాయం మూసుకుంది, ఆ వెంటనే కాయలోకి చేదు పంపింది. ముందు తన పిల్లల్ని కాపాడుకుంది. ఇంత చదివి, చెట్టుకి ఆ మాత్రం తెలుస్తుందని ఆమె అనుకోలేదు.

అక్కడి నుంచే పరాంకుశానికి ఫోన్ చేసింది. మందు ఆపింది తనేనని చెప్పింది. కొత్త కాయలు ఎవరూ తినకుండా ఊళ్ళకి కబురు పంపమంది. "మీరు చెయ్యాల్సిన పని కాదు," అన్నారాయన. కాసేపాగి, "ఆయనకెలా ఉంది?" అని అడిగారు.

ఊళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. ఇళ్ళల్లో ఇంకా పాత పిండే నడుస్తోంది, కొత్త కాయ కొరికినవాళ్ళు చేదుకి ఉమ్మేశారు. చేదు తెలియకుండా వండగలిగినవాడు ఒక్కడే.

*

అప్పలనాయుడికి రక్తం శుభ్రం చేసే మిషను పెట్టారు. బతికాడు గానీ, కిడ్నీలు పూర్తిగా కోలుకోవని చెప్పారు. వారం వారం కొండ దిగి విశాఖ వెళ్ళాలి. ఉప్పు తగ్గించాలి, నీళ్ళు కొలుచుకుని తాగాలి. పెనం వేడి దగ్గర నిలబడకూడదు. హోటల్ మూతపడింది.

కేంద్రంలో హైమావతిని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తీసేస్తే ఆ మందు కలపడం ఇంకెవరికీ చేతకాదు. విచారణ పెండింగులో ఉంచి, పురుగు చచ్చింది కాబట్టి మళ్ళీ మందు మొదలుపెట్టమని కమిటీ ఉత్తర్వు పంపింది. "మీ తప్పువల్ల ఒక మేలు జరిగింది," అన్నారు పరాంకుశం. "అవసరమైనప్పుడు భయపెట్టొచ్చు, లేనప్పుడు ధైర్యం చెప్పొచ్చు. కొళాయి మన చేతిలో ఉంది."

ఆమె వద్దంది. ఆయన కొళాయి తిప్పించారు.

ఏమీ జరగలేదు. రోజులు గడిచాయి. చెట్ల చేదు రవ్వంత కూడా తగ్గలేదు. మోతాదు పెంచారు. ఇంకా పెంచారు. హైమావతి మట్టి తవ్వి, వేళ్ళని భూతద్దం కింద పెట్టి చూసింది. మందు పడే మూలలో ఉన్న చెట్టు, తన వేళ్ళ చుట్టూ ఉన్న బూజు దారాలన్నిటినీ తెంచేసుకుంది. దాని పక్క చెట్లు కూడా అటువైపు దారాలు తెంచుకున్నాయి. కబురు బయల్దేరే చోటే ఆగిపోతోంది.

"ఇంకో మూల నుంచి పంపండి," అన్నారు పరాంకుశం.

పంపారు. అక్కడి చెట్లూ తెంచుకున్నాయి.

"ఇదేమిటి?" అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

"వాటికి ఒకసారి అబద్ధం చెప్పామండీ," అంది హైమావతి. "ఇంక వినవు."

ఆయనకి చాలా కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఫైలు మూసి వెళ్ళిపోయారు.

*

చిలకమ్మ హైమావతి ఇంటికి వచ్చింది. అప్పలనాయుడు వరండాలో మడతమంచం మీద పడుకుని ఉన్నాడు. అతని చేతికున్న కట్టునీ, పాలిపోయిన మొహాన్నీ ఆమె నిలబడి చూసింది. హైమావతి కుర్చీ తెచ్చి వేసింది. చిలకమ్మ కూర్చోలేదు.

"మందు నువ్వే ఆపీసినావట."

"అవును."

"మాతో సెప్పకుండా."

"చెప్పాను చిలకమ్మా. మీరు వినలేదు."

"ఆపీమని అడిగినావు. ఆపీసినానని సెప్పినావా?"

"లేదు," అంది హైమావతి.

"సెప్పుంటే తిట్టుందును. మీదపడిపోయుందును, అది నిజమే. మా వోళ్ళు గుంపుగా వొచ్చి నీ గది తాళం ఇరగ్గొట్టుందురు. అయినా గానీ మేడమ్మా, ఈ బాబు ఆ పిండి తినుండడు గదా!"

అప్పలనాయుడు మంచం మీద నుంచి, "నాదీ తప్పుందిలే చిలకమ్మా," అన్నాడు.

"నువ్వుండు బాబూ." చిలకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కోపంతో వచ్చిన చెమటో, మరేదో. "చెట్లు బతికినాయి. అది నువ్వన్నట్టే అయ్యింది. నాను కాదనను. కానీ ఇంటింటా బస్తాలు బస్తాలు చేదు కాయ. పారబోసీమంటే పారబోస్తాం. మరి వొచ్చే వానల దాకా ఏటి తినాల?"

"చేదు తియ్యొచ్చు. పిండి చేసి, నీళ్ళలో నానబెట్టి, వంచి, మళ్ళీ నానబెట్టి..."

"ఈయనా అలాగే తీసినాడు గదా?"

"ఈయన రుచి తీశాడు. విషం పోలేదు. విషం పోయేదాకా తియ్యాలి."

"ఎన్ని దఫాలు వార్చాల?"

తనకి తెలుసని చెప్పడానికి హైమావతి నోరు తెరిచింది. అలవాటు అది. అంచనా నాలుక చివరికొచ్చింది కూడా. దాన్ని మింగేసింది.

"తెలీదు. పరీక్షించి చూడాలి."

"అయితే చూడు. నీ గదిలో కాదు. మా ఇంటి ముంగట, మేమందరం చూస్తన్నప్పుడు."

మర్నాడు పొద్దున్న హైమావతి లాబ్‌లోంచి గాజు గొట్టాల పెట్టె, ఇనుప లవణం కలిపిన నీళ్ళ సీసా తీసుకుని బయల్దేరింది. గేటు దగ్గర పరాంకుశం, "అనుమతి తీసుకున్నారా?" అని అడిగారు. లేదంది. ఆయన గేటుకి అడ్డం నిలబడలేదు, పక్కకి తప్పుకోనూ లేదు. ఆమె ఆయన పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది.

చిలకమ్మ వాకిట్లో కుండలు వరసగా పెట్టి ఉన్నాయి. పిండి నానిన నీళ్ళు పైకి తేటగా ఉన్నాయి. ఊరు ఊరంతా చుట్టూ నిలబడింది. ఎవరి మొహంలోనూ ఆదరం లేదు. ఒక ముసలాయన ఆమెకి వినబడేలాగే ఏదో తిట్టాడు. హైమావతి గొట్టంలో నీళ్ళు పట్టి, "ఇందులో ఇనుప నీళ్ళ చుక్క వేస్తాను. చేదుంటే నల్లబడుతుంది. లేకపోతే తేటగా ఉంటుంది," అని చెప్పింది. చుక్క వేసింది. గొట్టం సిరా పోసినట్టు నల్లబడింది.

కుండలు వంచారు. వాగు నుంచి కావిళ్ళతో నీళ్ళు తెచ్చి పోశారు. కలిపి, తేరుకునేదాకా కూర్చున్నారు. మళ్ళీ చుక్క. మళ్ళీ నలుపు. మళ్ళీ వాగు.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. కావిళ్ళు మోసేవాళ్ళ భుజాలు కమిలిపోయాయి. కొందరు విసుక్కుని ఇళ్ళకి పోయారు. హైమావతి గొట్టం కడిగి మరోసారి నీళ్ళు పట్టింది. చిలకమ్మ సీసా ఆమె చేతిలోంచి తీసుకుని, తనే చుక్క వేసింది. ఇద్దరూ గొట్టం వంక చూశారు.

"ఇంకా నలుపే," అంది చిలకమ్మ.

"నలుపే," అంది హైమావతి.

చిలకమ్మ కుండ వంచి పారబోసి, కావిడి తెమ్మని కేకేసింది.